అడ్మిషన్ రిజిస్టర్‌లో మా ఊరు

"మేడం, ఇంకెంతమందిని పట్టుకొస్తరు?"

2019 జనవరిలో, సంక్రాంతి సెలవులయ్యి బడి తెరిచిన మూడో రోజున మా బడిలో మధ్యాహ్న భోజనం వండే వంటామె నన్ను ఇలా నిలదీసింది. ఆమె కోపంలో న్యాయం ఉంది. గుడ్లు, కూరగాయలు, మంచినూనె ముందు సొంత డబ్బుతోనో అప్పుతోనో తెచ్చి వండాల్సింది ఆమె, బిల్లు వచ్చేసరికి నెలలు గడుస్తాయి, ఈలోగా నేనేమో అపార్ట్‌మెంట్లు కడుతున్న చోటికి వెళ్లి ఇసుక కుప్పల మీద ఆడుకుంటున్న పిల్లల్ని బడికి పట్టుకొస్తున్నాను. నాకు రిజిస్టర్‌లో ఒక వరుస పెరిగితే ఆమెకు కిరాణా కొట్టులో ఖాతా పెరుగుతుంది. ఇద్దరం చేసేదీ మంచి పనే, అయినా ఇద్దరికీ పడటం లేదు. ఎందుకిలా అయిందని వెతకడం మొదలుపెడితే వంటగదిలో మొదలైన లెక్క పంచాయతీ ఆఫీసు మీదుగా, ప్లాట్ల ధరల మీదుగా ఓటర్ల జాబితా దాకా పోయింది.

నేను సెకండరీ గ్రేడ్ టీచర్ని, ఇన్‌చార్జి హెచ్‌ఎంని కూడా. మాది మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల, ఒకటి నుంచి అయిదు దాకా. సంగారెడ్డి జిల్లాలో రామచంద్రాపురం, తెల్లాపూర్, కొల్లూరు చుట్టుపక్కల, ఔటర్ రింగ్ రోడ్డుకి లోపలి వైపు ఉన్న ఊరు. పేరు రాయను, ఇందులో వచ్చే మనుషులంతా రోజూ ఎదురుపడేవాళ్లే. 2018 జులై బదిలీల్లో వచ్చాను. ఎనిమిదేళ్లు నిండుతున్నాయి కాబట్టి తర్వాతి బదిలీల్లో కదలక తప్పదు. నా కుర్చీలోకి వచ్చేవాళ్ల కోసం, ఇలాంటి ఊళ్లలో పనిచేస్తున్న మిగతా టీచర్ల కోసం ఇది రాసి పెడుతున్నా.

నాకు అర్థమైంది ముందే చెప్పేస్తాను, ఆఖరి దాకా దాచడం ఎందుకు. సిటీ వచ్చి మీద పడ్డ ఊళ్లో సర్కారు బడి వెనకబడటానికి ఊళ్లో డబ్బు లేకపోవడం కారణం కాదు. మా ఊళ్లో డబ్బుకేం కొదవ లేదు. కానీ బడిలో చదివే పిల్లల అమ్మానాన్నలకు ఆ ఊళ్లో ఓటు లేదు. ఓటున్నవాళ్ల పిల్లలు బడిలో లేరు. మిగతా కష్టాలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

తడిసిన రిజిస్టర్లు

2020 అక్టోబర్ 13 రాత్రి వాన హైదరాబాద్‌లో ఎవరూ మర్చిపోరు. కరోనా వల్ల బడులు మూసి ఉన్నాయి. మర్నాడు మధ్యాహ్నం ఊళ్లో ఒకాయన ఫోన్ చేసి "మేడం, మీ బడిల మోకాలిబంటి నీళ్లున్నయ్" అన్నాడు. మేం వెళ్లేసరికి నీళ్లు తీశాయి గానీ ఆఫీసు గదిలో బీరువా కింది రెండు అరలూ నానిపోయాయి. కింది అరల్లో ఏముంటాయి, అడ్మిషన్ రిజిస్టర్లే. 1950ల చివర్లో బడి పెట్టినప్పటి నుంచి ఉన్నవి.

నాలుగు రోజులు నేనూ, మా ఇంకో టీచరూ బెంచీల మీద ఆ రిజిస్టర్లు విప్పి, పేజీకీ పేజీకీ మధ్య పాత న్యూస్‌పేపర్ పెట్టి, ఫ్యాన్ కింద ఆరబెట్టాం. అంటుకుపోయిన కాగితాన్ని బ్లేడు అంచుతో లేపాలి, తొందరపడితే సిరా కూడా లేచి వచ్చేస్తుంది. ఆ పని చేస్తూ చేస్తూ చదవకుండా ఎలా ఉంటాం. అడ్మిషన్ నంబరు, పిల్లాడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ (సగం మందికి జులై 1, ఆనాటి సార్లు అందరికీ అదే వేసేవాళ్లు), కులం, మాతృభాష, పుట్టుమచ్చలు, తండ్రి వృత్తి. ఆ వృత్తి గడి ఒక్కటీ పైనుంచి కిందికి చదువుకుంటూ పోతే ఊరి చరిత్ర మొత్తం అందులో ఉంది.

మొదటి రిజిస్టర్‌లో వ్యవసాయం, వ్యవసాయం, కూలి, వ్యవసాయం, మధ్యమధ్యలో కుమ్మరి, చాకలి, గొర్రెల కాపరి. మాతృభాష దగ్గర తెలుగు, అక్కడక్కడా ఉర్దూ, లంబాడీ. అరవైల చివరికి వచ్చేసరికి కొత్త మాట కనిపిస్తుంది: "బీహెచ్‌ఈఎల్ కార్మికుడు". అప్పటి హెడ్మాస్టరు దాన్ని కాస్త పెద్ద అక్షరాలతో రాసేవాడు, గౌరవం కాబోలు. ఎనభైల్లో "కంపెనీ" అని ఒక్క ముక్క, అంటే పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియా. తొంభైల్లో ఆటో డ్రైవర్, లారీ క్లీనర్, కాంట్రాక్ట్ లేబర్. 2005, 2006, 2007 పేజీల్లో వరసగా "రియల్ ఎస్టేట్", "రియల్ ఎస్టేట్", "బిజినెస్". ఆ తర్వాత ఆ ఇంటిపేర్లు రిజిస్టర్‌లోంచే మాయం. వాళ్ల పిల్లలు ప్రైవేటు బడి పసుపు బస్సు ఎక్కేశారు. 2012 దాటాక వాచ్‌మన్, సెంట్రింగ్, టైల్స్, పీఓపీ, రాడ్ బెండింగ్, లిఫ్ట్ ఆపరేటర్. చాలా చోట్ల తండ్రి గడి ఖాళీ, తల్లి పేరు పక్కన "ఇళ్లల్లో పని". మాతృభాష దగ్గర ఒడియా, హిందీ, బెంగాలీ, మరాఠీ, కన్నడ.

పిల్లలు తగ్గారు అంటారు గదా సర్కారు బళ్ల గురించి. మా దగ్గర తగ్గలేదు, మారారు. అదే బెంచీల మీద వేరే ఊరు వచ్చి కూర్చుంది.

ఒకే దారిలో మూడుసార్లు

ఆ రిజిస్టర్లు చూశాక నాకొక పోలిక దొరికింది. ముంబై హైవే వెంట ఉన్న మా వైపుకి ఎదుగుదల మూడుసార్లు, మూడు వేషాల్లో వచ్చింది. అరవైల్లో బీహెచ్‌ఈఎల్ వచ్చినప్పుడు ఫ్యాక్టరీతోపాటే టౌన్‌షిప్ కట్టారు, క్వార్టర్లతోపాటే బడి, ఆస్పత్రి, పార్కులు. ఊళ్ల నుంచి భూములు పోయిన బాధ ఉండే ఉంటుంది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ మనుషులు వస్తారు, వాళ్లకి పిల్లలుంటారు, ఆ పిల్లలకు బడి కావాలి అనే మామూలు లెక్క నక్షా గీసినవాళ్లు వేసుకున్నారు. పటాన్‌చెరు రెండో వేషం. పని వచ్చింది, జీతం వచ్చింది, దాంతోపాటే నక్కవాగులో రసాయనాలూ వచ్చాయి. కార్మికుల పిల్లల బడి సంగతి ఎవరి లెక్కలోనూ లేదు. మూడోది మనం చూస్తున్నది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకోవడం, 2008లో 158 కిలోమీటర్ల ఔటర్‌లో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా మొదటి ముక్క మొదలవడం, ఆ తర్వాత పదేళ్లలో మిగతాదంతా పూర్తవడం. ఇక్కడ ముందు వచ్చింది మనిషి కాదు, గజం రేటు.

రేటు ముందు వచ్చి మనుషులు వెనక వస్తే ఏమవుతుందంటే, మనుషులకు కావాల్సిన వాటికి జాగా మిగలదు. పాత పంచాయతీ లేఅవుట్లలో పార్కుకీ బడికీ అని వదలాల్సిన ఖాళీ స్థలం చాలా చోట్ల తర్వాత ముక్కలై అమ్ముడుపోయింది. 2020లో అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను రెగ్యులర్ చేసే ఎల్ఆర్ఎస్ పథకం పెట్టినప్పుడు రాష్ట్రమంతా కలిపి 25 లక్షల పైచిలుకు దరఖాస్తులు వచ్చాయి. ఖాళీ స్థలం వదలని లేఅవుట్ అయితే ప్లాటు విలువలో 14 శాతం కట్టాలన్నది అందులో రూలు. కట్టేశాక ప్లాటుకు రెగ్యులర్ ముద్ర పడుతుంది. చలాన్ మీద మాత్రం బడి కట్టలేం గదా! ఖజానాకి డబ్బు వెళ్లింది, స్థలమైతే తిరిగి రాదు. ఈ ఒక్క విషయం మీదే నాకు ఎవరితోనైనా గంటసేపు వాదించాలనిపిస్తుంది, ఇక్కడికి ఆపుతా.

సర్కారే ఇళ్లు కట్టినప్పుడు మెరుగ్గా జరిగిందా అంటే, మా పక్కనే కొల్లూరులో డబుల్ బెడ్రూం కాలనీ ఉంది, 2023 జూన్‌లో ప్రారంభించారు. 15,660 ఇళ్లు ఒక్కచోట. ఇంటికి ప్రాథమిక పాఠశాల వయసు పిల్లాడు ఒక్కడే అనుకుందాం. విద్యాహక్కు చట్టం చెప్పే 30 మందికి ఒక టీచరు లెక్కన 522 మంది టీచర్లు కావాలి. నిజానికి అన్ని ఇళ్లలో చిన్నపిల్లలుండరు, సగమే వేసుకోండి, పావే వేసుకోండి. ఎంత తగ్గించినా అది ఒకటి రెండు బళ్లతో అయ్యే పని కాదని తెలుస్తూనే ఉంది. ఇళ్ల శాఖ ఒక క్యాలెండర్ ప్రకారం తాళాలిస్తుంది, విద్యాశాఖ ఇంకో క్యాలెండర్ ప్రకారం పోస్టులిస్తుంది.

జూన్ లెక్క, జనవరి లెక్క

క్యాలెండర్ అన్నాను కాబట్టి అసలు చిక్కు ఇక్కడే చెప్పాలి.

మా బడిలో జూన్‌లో చివరి బెంచీలు ఖాళీగా ఉంటాయి. జనవరిలో పిల్లలు కింద చాప మీద కూర్చుంటారు. ఎందుకంటే పనివాళ్లు మన బడి గంట చూసుకుని రారు. బొలంగీర్, నువాపడా వైపు ఒడిశా కుటుంబాలు ఖరీఫ్ కోతలయ్యాక బయల్దేరతాయి, దసరా నుంచి సంక్రాంతి లోపు ఇక్కడికి చేరతాయి, ఎండలు ముదిరాక తిరిగి వెళ్తాయి. మన పాలమూరు నుంచి వచ్చేవాళ్లూ దాదాపు అంతే. వీళ్లలో ఇటుక బట్టీలకు వెళ్లేవాళ్లు వేరు, బిల్డింగ్ సైట్లకు వచ్చేవాళ్లు వేరు, కానీ రాకపోకలు అవే నెలల్లో.

మన లెక్కలన్నీ బడి తెరిచిన తొలి నెలల చుట్టూ ఉంటాయి. ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాట జూన్‌లో. పుస్తకాలు, యూనిఫాం గుడ్డ వచ్చేవి ముందటేడు యూడైస్ (బళ్ల వివరాలన్నీ ఆన్‌లైన్‌లో ఎక్కించే సర్కారు లెక్క) అంకెల్ని బట్టి. చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 దాటితే ముగ్గురు. మాకు లెక్క తీసే రోజున అరవై లోపే, సంక్రాంతి తర్వాత అరవై పైనే. కాబట్టి ఎప్పుడూ ఇద్దరమే. ఆధార్ లేని పిల్లాడు ఆన్‌లైన్‌లో ఎక్కడానికి తిప్పలు, ఆన్‌లైన్‌లో ఎక్కనివాడు బడిలో కూర్చున్నా లేనట్టే.

ఇది కాగితాల గొడవలే అనుకున్నాను 2022 దాకా. ఆ ఏడాది సర్కారు బళ్లను బాగుచేసే 'మన ఊరు మన బడి' పథకం వచ్చింది, 7,289 కోట్లు, మూడు విడతల్లో 26 వేల బళ్లు. మొదటి విడతలో 9,123 బళ్లు తీసుకున్నారు, పిల్లలు ఎక్కువ ఉన్నవి ముందు అని. ఆ పద్ధతిని తప్పుపట్టలేను, ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి. కానీ మా అంకె జూన్ అంకె. లిస్టులో మా బడి రాలేదు. పనుల్లో ప్రహరీ గోడ, టాయిలెట్లు, వంటగది, మంచినీళ్లు అన్నీ ఉన్నాయి, మాకు కావాల్సినవి అవే. జనవరిలో వచ్చి లెక్క తీసి ఉంటే వచ్చేదేమో అని ఇప్పటికీ అనుకుంటాను. వాన నీళ్లలో రిజిస్టర్లు తడవడం కంటే ఇది నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఎవరిని అడగాలి

నేను చేరిన నెలకే, 2018 ఆగస్టు 2న, మా ఊరు పంచాయతీ నుంచి మున్సిపాలిటీలో కలిసింది. ఆ రోజు రాష్ట్రంలో ఒకేసారి 68 కొత్త మున్సిపాలిటీలు పుట్టాయి. ఊళ్లో కొందరు టపాకాయలు కాల్చారు, రేటు పెరుగుతుందని. అయిదారు నెలల్లో అసలు రుచి తెలిసింది. ఉపాధి హామీ పని ఆగిపోయింది, అది పల్లెలకే కాబట్టి. చెరువు పూడిక తీసి పొట్టపోసుకునే ఆడవాళ్లు విల్లాల్లో అంట్లు తోమడానికి మారారు. ఇంటి పన్ను పెరిగింది. బడి విషయంలో అయితే, మునుపు బావి దగ్గర కనబడ్డ సర్పంచ్‌ని "తమ్మీ, రేపు ఊడ్చేవాళ్లని పంపవా" అంటే పంపేవాడు, ఇప్పుడు కమిషనర్ ఆఫీసులో అర్జీ ఇవ్వాలి, అది శానిటరీ సెక్షన్‌కి వెళ్లాలి.

పైగా మొదట్లో ఎన్నికైన మనిషే లేడు. 2020 జనవరి ఎన్నికల దాకా అధికారుల పాలన. తర్వాత అయిదేళ్లు కౌన్సిలర్. 2025 జనవరిలో కౌన్సిల్ గడువు ముగిసి మళ్లీ స్పెషల్ ఆఫీసర్. 2025 చివర్లో ఔటర్ చుట్టుపక్కల 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లు జీహెచ్‌ఎంసీలో కలిసినప్పుడు వాటిలో మేమూ ఉన్నాం. ఏడున్నరేళ్లలో ఊరు మూడు రూపాలు మారింది. బడి బోర్డు మీద మాత్రం ఇప్పటికీ "మండల పరిషత్" అనే ఉంది.

కౌన్సిలర్ ఉన్న అయిదేళ్లలో వర్షం నీళ్ల గురించి నేనిచ్చిన అర్జీలు నాలుగు. సంగతి ఏంటంటే, బడికి ఎగువన ఒక కుంట ఉండేది. దాని అలుగు నీళ్లు బడి వెనక కాలువలోంచి వాగులోకి పోయేవి. కుంటలో సగం లేఅవుట్ అయింది, కాలువ మీద రోడ్డు వేసి చిన్న పైపు పెట్టారు. నీళ్లకు లేఅవుట్ పర్మిషన్ అర్థం కాదు గదా, తగ్గున్న మా గ్రౌండ్‌లోకి వస్తాయి. మంచిమనిషే కౌన్సిలర్, నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చి, నిజం చెప్పాడు: "మేడం, ఊరోళ్లు రోడ్డు అడుగుతుండ్రు, విల్లాలోళ్లు లైట్లు అడుగుతుండ్రు. మీ బడి పిల్లల తల్లిదండ్రులు ఒక్కరన్నా వచ్చి అడిగిండ్రా?" అడగరు. ఇవాళ ఇక్కడ, రేపు స్లాబ్ అయిపోతే ఇంకో సైటు. ఓటు బొలంగీర్‌లో ఉంటుంది.

మేం చేసినవి, బెడిసికొట్టినవి

మొదట చేసిన పెద్ద పొరపాటు చెప్తాను. దగ్గర్లోని ఒక గేటెడ్ కమ్యూనిటీ వాళ్లు సాయం చేస్తామని వచ్చారు, 2019లో. నేను పొంగిపోయాను. శనివారాలు వచ్చి పాఠాలు చెప్పారు, మూడు నెలలు. ఒక స్మార్ట్ టీవీ ఇచ్చారు. ఆ గదికి కరెంటు సరిగ్గా రాదు, పక్కన టాయిలెట్లో నీళ్లే రావు. పరీక్షలు, ట్రాఫిక్, అమెరికా ప్రయాణాలు, ఒక్కొక్కరూ తగ్గిపోయారు. వాళ్లను నేనేమీ అనను. ఏం కావాలో నేను అడగలేదు, వాళ్లకు తోచింది వాళ్లిచ్చారు. టీవీ 2020 వానకి పోయింది.

2021 వానాకాలంలో అదే నీళ్లు ఆ విల్లాల వెనక గేటు రోడ్డు మీదికీ ఎక్కాయి. ఈసారి నేను తెలివి తెచ్చుకున్నాను. అసోసియేషన్ ప్రెసిడెంటు దగ్గరికి ఊరి నక్షా పట్టుకుని వెళ్లి, కుంట, అలుగు, పైపు, మా గ్రౌండ్, వాళ్ల రోడ్డు, అన్నీ ఒకే గీత మీద పెన్నుతో చూపించాను. "సార్, మాకు టీవీలు, పెన్నులు వద్దు. మీరొక్క ఫోన్ చేయండి చాలు" అన్నాను. ఆయన చేశాడు. వాళ్ల గ్రూపులోంచి ఇంకో నలుగురు ట్విట్టర్‌లో ఫొటోలు పెట్టారు. వారం తిరక్కుండా జేసీబీ వచ్చింది, చిన్న పైపు తీసి పెద్దవి రెండు వేశారు. నా నాలుగు అర్జీలు, వాళ్ల ఒక్క ఫోను. ఆ రోజు సంతోషంతోపాటు కడుపులో ఏదో మండింది, దాచుకోను. కానీ మా గ్రౌండ్ ఆ తర్వాత మునగలేదు. అప్పట్నుంచి నేను పాటించే పద్ధతి ఒకటే: బడి సమస్యను బడి సమస్యగా తీసుకెళ్లను, మాట చెల్లే మనిషి ఇంటి ముందుకి అదే సమస్య ఏ దారిన వస్తుందో వెతికి అక్కడ పట్టుకుంటాను. ఇలా చేయాల్సి రావడం మంచిదేం కాదు.

లెక్క విషయంలో, బడిబాటని మూడుసార్లు చేయడం మొదలుపెట్టాం. జూన్‌లో అందరితోపాటు, దసరా అయ్యాక ఒకసారి, సంక్రాంతి అయ్యాక ఒకసారి. ఆదివారం పొద్దున పనివాళ్లుండే క్యాంపుకి వెళ్లాలి, మిగతా రోజుల్లో పెద్దవాళ్లు దొరకరు. ముందు మేస్త్రీని పట్టుకోవాలి, అతను ఊ అంటేనే తల్లులు మాట్లాడతారు. రేకుల షెడ్ల మధ్య తాడు మీద బట్టలు, సిమెంటు సంచుల్లో సామాను, చంకలో తమ్ముడితో ఎనిమిదేళ్ల అక్క. ఆ అక్క బడికి రావాలంటే తమ్ముడినీ రానివ్వాలి. రానిచ్చాం. రూలు ఒప్పుకోదు, అంగన్‌వాడీ టీచరు మా గోడ పక్కనే కాబట్టి సర్దుకున్నాం.

వయసు రుజువు లేదని చేర్చుకోకుండా ఉండకూడదని, వయసుకి తగ్గ తరగతిలో చేర్చి విడిగా నేర్పాలని విద్యాహక్కు చట్టంలోనే ఉంది. ఆ రెండు సెక్షన్లు జిరాక్స్ తీసి టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాను, అడిగినవాళ్లకు చూపించడానికి. పుస్తకాల కొరతకి మేం కనిపెట్టింది చిన్న ఉపాయం: పుస్తకాలు ఇంటికివ్వం, తరగతిలో ఒక పెట్టెలో ఉంటాయి. ఏప్రిల్‌లో చెప్పకుండా వెళ్లిపోయిన పిల్లాడి పుస్తకం నవంబర్‌లో వచ్చినవాడికి పనికొస్తుంది. 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం పెట్టి, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు ఇచ్చారు. దాని మీద టీచర్లలో చాలా వాదాలున్నాయి, నాకూ ఉన్నాయి. మా క్లాసులో మాత్రం విచిత్రంగా అది ఒడియా పిల్లలకి, తెలుగు పిల్లలకి సమానంగా రాని భాష కావడంతో ఇద్దరూ ఒకే గీత దగ్గర నిలబడ్డారు. అయిదో తరగతి ఒడియా అమ్మాయి ఒకతి రెండేళ్లుగా ఇక్కడే ఉండటంతో ధారాళంగా తెలుగు మాట్లాడేది, ఆ ఏడాది మాకు సగం టీచరు ఆమే.

పిల్లలు వెళ్లిపోయేటప్పుడు రికార్డు షీట్ (ప్రాథమిక బడి ఇచ్చే టీసీ) తీసుకోరు, వెళ్తున్నామనే చెప్పరు. అందుకని చేరిన నెలలోనే ఒక కార్డు ఇస్తున్నాం. పోస్టుకార్డంత అట్ట, లామినేషన్. ఒకవైపు హిందీలో, రెండోవైపు ఇంగ్లిష్‌లో పిల్ల పేరు, చేరిన తేదీ, తరగతి, ఏ భాషలో ఎంతవరకు చదవగలదు, కూడికలు తీసివేతలు వచ్చా రాదా, మా బడి ఫోన్ నంబరు. తల్లులు దాన్ని ఆధార్ కార్డున్న ప్లాస్టిక్ కవర్‌లోనే పెట్టుకుంటున్నారు. ఇప్పటిదాకా వేరే బళ్ల నుంచి నాకు ఫోన్లు వచ్చింది కొద్దిసార్లే, ఒకటి కర్ణాటక నుంచి కూడా. అంత కష్టానికి ఇంతేనా అంటే ఇంతే.

వంటామె సంగతి ఏమైందంటే, కిరాణా కొట్టు ఆయన మా పూర్వ విద్యార్థి అని రిజిస్టర్‌లో తేలింది. "ఏం బాబూ, నీ పుట్టుమచ్చ కుడి మోచెయ్యి మీద కదా" అన్నాను. నవ్వాడు. బిల్లు వచ్చేదాకా ఆగుతానన్నాడు, ఇప్పటికీ ఆగుతున్నాడు.

జాగా గొడవ

2023లో పెద్ద తుఫాను ఇది. ఊరి నడుమ, గ్రామకంఠంలో (పాత ఊరి ఇళ్లున్న ఉమ్మడి జాగాలో) ఉంది మా బడి. ఆ స్థలం విలువ ఇప్పుడు చెప్తే కళ్లు తిరుగుతాయి. ఊరి పెద్దలు కొందరు ఒక ప్రతిపాదన తెచ్చారు: ఇక్కడ ఫంక్షన్ హాల్ కట్టుకుందాం, బడిని క్యాంపుల దగ్గరికి మారుద్దాం, పిల్లలంతా అక్కడివాళ్లే కదా. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ క్యాంపు రెండేళ్లకి లేచిపోతుంది, బడి అక్కడ ఒంటరిగా మిగులుతుంది, పోయిన జాగా మళ్లీ రాదు. కాగితాలు వెతికితే రిజిస్టర్డ్ పత్రమేదీ లేదు, పాత పంచాయతీ తీర్మానం ఒక్కటి ఉంది, అదీ తడిసింది.

మీటింగ్ రోజున నేను వాదించలేదు. ఆరబెట్టిన రెండో రిజిస్టర్ తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. తెల్లపంచెలో ఒక తాత దగ్గరికొచ్చి, "మా అయ్య పేరు ఇండ్ల ఉంటదా బిడ్డా?" అన్నాడు. ఆయన నంబరు వెతికి చూపించాను. వేలు పెట్టి నెమ్మదిగా చదువుకున్నాడు. తండ్రి వృత్తి: కూలి. ఆ ఇంటికి ఇవాళ నాలుగు అంతస్తుల బిల్డింగ్ ఉంది. "మా అయ్య కూలి చేసిండని నా మనుమలకు తెల్వది" అన్నాడు అంతే, వెళ్లి కూర్చున్నాడు. ఆయన మాట మీద ప్రతిపాదన ఆగిపోయిందని రాస్తే కథ బాగుంటుంది. ఆగలేదు. ఇంకో రెండు మీటింగులు నడిచింది. చివరికి ఆగింది ఎందుకంటే, పెద్దల్లోనే రెండు వర్గాలకి ఫంక్షన్ హాల్ ఎవరి చేతిలో ఉండాలో తెగలేదు. ఆ సందులో మేం సర్వే పెట్టించి హద్దురాళ్లు పాతించుకున్నాం. తాత చేసిన మేలు ఏంటంటే, సర్వేయర్ వచ్చిన రోజు కర్ర పట్టుకుని వచ్చి మూలలు ఎక్కడో ఆయనే చూపించాడు.

2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ కింద కొంత డబ్బు వచ్చింది. టాయిలెట్‌కి నీళ్లు, కరెంటు వైరింగ్, తాగునీటి కుళాయిలు అయ్యాయి. కమిటీ అధ్యక్షురాలు మహిళా సంఘం మనిషి, ఊరామె, ఆమె మనవలు ప్రైవేటు బడికి పోతారు. మొదట నాకు అనుమానంగానే ఉండింది. కానీ ఇసుక లోడు తక్కువ వచ్చిందని ట్రాక్టర్‌ని వెనక్కి పంపింది చూడండి, ఆ రోజు నా అనుమానం పోయింది. ఆమె కూడా ఇదే బడి, నాలుగో రిజిస్టర్.

ప్రహరీ గోడ ఇంకా సగమే. మూడో టీచరు రాలేదు. బోర్డు రాయడానికి పెయింటర్ వచ్చి "మేడం, మండల పరిషత్ అనే రాయాల్నా, జీహెచ్‌ఎంసీ అని రాయాల్నా?" అని అడిగాడు, మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసుకి ఫోన్ చేశాను, ఆగమన్నారు. అతను ఊరి పేరు వరకు రాసి పైన ఖాళీ వదిలి వెళ్లాడు. ఈ సంక్రాంతి లెక్క సగం అయింది. ఔటర్ సర్వీస్ రోడ్డు పక్కన కొత్త టవర్లకు పునాది తవ్వుతున్నారు, జార్ఖండ్ నుంచి కుటుంబాలు దిగాయని మేస్త్రీ ఫోన్ చేశాడు. ఆదివారం వెళ్లాలి. వంటామెకి ఈసారి ముందే చెప్పాను.